అనంతం గుర్తుకు కాస్త ఇవతల

మూడో అంతస్తు
జనవరి 4, ఉదయం

వినపడకపోయినా ఎవరి మాటా పడని మా చెల్లాయికి,

నిన్న ఫోన్‌లో పావుగంట అరిచాను. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటూనే ఉన్నావు. కింది అంతస్తు వాళ్ళకు మాత్రం విషయం పూర్తిగా అర్థమైనట్టుంది. పొద్దున్నే నవ్వుతూ పలకరించారు. చెవిలో పెట్టుకోవలసిన యంత్రాన్ని డబ్బాలో పెట్టి దాచుకునే మనిషితో ఇక ఉత్తరాలే శరణ్యం.

విషయం ఇది. నేను ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన కాలేజీకి ఈ మార్చి ఆఖరుకు యాభై ఏళ్ళు నిండుతాయి. రిటైరైన అధ్యాపకులు తమ చేతులతో చేసిన వస్తువులతో ఒక ప్రదర్శన పెడుతున్నారు. నీటిరంగులు వేసేవారొకరు, ఎంబ్రాయిడరీ చేసేవారొకరు. పేర్లు రాసుకుంటున్న కెమిస్ట్రీ ఆవిడ నా దగ్గరకు వచ్చేసరికి కలం ఎత్తేసి, "మీకిలాంటి సరదాలేం లేవు కదండీ, పోనీ మీరు కత్తెర పళ్ళెం పట్టుకోండి, రిబ్బను కత్తిరించేటప్పుడు" అంది. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "నేను నక్షత్రాలను ఫోటో తీస్తున్నాను. రాసుకోండి" అన్నాను.

రాసుకుంది. వేటగాడి ఆకారంలో ఉండే నక్షత్ర మండలం, అతని నడికట్టు కింద నీహారిక అనే మెరిసే వాయుమేఘం, అడుగున్నర వెడల్పు ఫ్రేము, అన్నీ నేనే దగ్గరుండి రాయించాను. నా దగ్గర కెమెరా లేదన్న ఒక్క సంగతే చెప్పలేదు.

నవ్వకు. డెబ్భై ఒకటో ఏట అబద్ధమాడాను. మార్చిలోగా దాన్ని నిజం చేసుకోవాలి. కాపీ కొట్టిన పేపర్లు నలుగురి ముందూ చింపి చేతిలో పెట్టిన దాన్ని. మాట తప్పితే ఆ హాల్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పుస్తకాలు తెప్పించుకున్నాను. సలహాలేవీ అవసరం లేదు.

అక్కయ్య


స్టూడియో, కౌంటరు వెనక
జనవరి 11

అక్కయ్యా,

నవ్వొద్దంటే ఎలా చెప్పు? పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నాయన్ని కదలొద్దని చెప్పి, నీ ఉత్తరం గుర్తొచ్చి నేనే కదిలిపోయాను. ఫోటోలో ఆయనకి రెండు ముక్కులొచ్చాయి. మళ్ళీ తీయాల్సొచ్చింది.

ఆ కెమిస్ట్రీ ఆవిడకి బాగా బుద్ధి చెప్పావు గానీ, ఇరుక్కున్నది నువ్వు. సలహాలొద్దన్నావు, సరే. కాకపోతే ఒకమాట. మా ఆయన ఊళ్ళు తిరిగి పెళ్ళిళ్ళు తీస్తుంటే, నలభై ఏళ్ళు ఇక్కడ డార్క్‌రూములో ఫోటోలు కడిగింది నేను. నువ్వు డిగ్రీ మీద డిగ్రీ చేస్తున్నన్నాళ్ళూ నా గోళ్ళు రసాయనాలకి గోధుమరంగు తిరిగి ఉండేవి. ఏదో ఆ కాస్త పనితనం ఉంది. వాడుకుంటే వాడుకో, లేదంటే మానెయ్.

ఒక్కటి మాత్రం నువ్వడక్కపోయినా చెప్తా. కెమెరా పాతదైనా ఫరవాలేదు, స్టాండు మాత్రం బరువుది కొను. పెద్దవాళ్ళు మోయలేరండీ అని తేలికపాటిది అంటగడతారు. గాలొస్తే అది వణుకుతుంది, నువ్వు గాలిని తిడతావు.

చెవి మిషను పెట్టుకుంటే రోడ్డు మీది హారన్లన్నీ నా నెత్తినే మోగుతున్నాయి. అందుకే డబ్బాలో ఉంది. దాని జోలికి రాకు.

నీ చెల్లాయి


మూడో అంతస్తు
జనవరి 25, ఉదయం

చెల్లాయికి,

స్టాండు తేలికపాటిదే కొన్నాను. మేడ మీదికి అరవై రెండు మెట్లు ఎక్కవలసింది నేను, నువ్వు కాదు. వణికిన మాట వాస్తవమే. దాని నడుముకు ఒక సంచి కట్టి, అందులో ఆరు కలనగణిత గ్రంథాలు పెట్టాను. ఇప్పుడు తుఫాను వచ్చినా కదలదు. ఆ పుస్తకాలు ఇంత సూటిగా ఎవరికీ ఉపయోగపడి ఉండవు.

మొదటి వారం లెన్సును పూర్తిగా తెరిచి, ఒక్కో ఫోటోకు ముప్ఫై సెకన్లు ఇచ్చాను. నక్షత్రాలన్నీ బియ్యపు గింజల్లా సాగిపోయాయి. తిరిగింది భూమి, చెడింది నా ఫోటో. అయిదు వందలను లెన్సు కొలతతో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చో వస్తుందని పుస్తకంలో ఉంది. నాది యాభై మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి పది వచ్చింది. నా కెమెరాలో వెలుగును పట్టే సెన్సరు చిన్నది కాబట్టి మళ్ళీ ఒకటిన్నరతో భాగించాను. ఆరు సెకన్లు పెట్టాను. గీతలు మాయం. లెక్క నన్నెప్పుడూ మోసం చేయలేదు.

గీతలు పోయి గుండీలు వచ్చాయి! ప్రతి నక్షత్రమూ చొక్కా గుండీ అంత ఉంది, అంచులు ఉబ్బి, నడుమ పలచబడి. నీహారిక ఉండవలసిన చోట ఎవరో తడి వేలితో తుడిచిన మరక. కారణం ఎంత వెతికినా దొరకడం లేదు. లెన్సు రింగు మీద దూరాలు వరుసగా అంకెల్లో రాసి, చివర అనంతం గుర్తు వేశారు. నక్షత్రాలు అనంత దూరాన ఉన్నట్టే లెక్క. అందుచేత రింగును అటు తిప్పి, ఏ సందేహానికీ తావు లేకుండా చివరికంటా బిగించాను. ఇక తప్పుకు చోటెక్కడ? నూట నలభై ఫోటోలు తీశాను. నూట నలభై సార్లూ గుండీలే. దర్జీ దుకాణం పెట్టుకోవచ్చు.

నిన్న కెమెరాను చూసి పెద్దగా ఒక మాట అన్నాను. ఏ మాటో రాయను.

అక్కయ్య


స్టూడియో
ఫిబ్రవరి 1

అక్కయ్యా,

తప్పు ఎక్కడుందో నువ్వే రాశావు, రాసింది నువ్వే చదువుకోలేదు. "చివరికంటా బిగించాను" అన్నావు చూడు, అక్కడుంది.

ఆ రింగు అనంతం గుర్తు దాటి కూడా తిరుగుతుంది. కావాలనే అలా చేస్తారు. ఎండకీ చలికీ లెన్సు లోపలి సామాను కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. అందుకని అటుపక్క కొంచెం చోటు వదుల్తారు. నువ్వు గుర్తు దాటేసి అవతలికి పోయి కూర్చున్నావు. ఇవతలికి రా.

ఎంత రావాలంటే, దానికి కొలత లేదు. కన్నే కొలత. కెమెరా వెనక తెర మీద ఒక పెద్ద చుక్కని పట్టుకుని పదిరెట్లు చేసి చూడు. రింగు మెల్లగా తిప్పుతుంటే చుక్క చిన్నదవుతూ, చిన్నదవుతూ, ఒకచోట మళ్ళీ లావెక్కటం మొదలెడుతుంది. అక్కణ్ణించి వెంట్రుకవాసి వెనక్కి. అంతే. ఆ రింగు కదలకుండా అక్కడ టేపు ముక్క అంటించేసెయ్.

ఈ పని నేను ప్రింట్లు వేసే మిషను దగ్గర రోజుకి వందసార్లు చేశాను. దానికి పుస్తకం లేదు.

చెల్లాయి


మూడో అంతస్తు
ఫిబ్రవరి 9, ఉదయం

చెల్లాయికి,

అనంతం దాటి వెళ్ళానంటావు. ముప్ఫై నాలుగేళ్ళు ఆడపిల్లలకు అనంతం అంటే ఏమిటో బోధించిన నాకు, దాని అవతల ఇంకాస్త చోటుందని ఉత్తరం రాస్తావు! అనంతానికి ఒకటి కలిపినా అనంతమే, పది కలిపినా అనంతమే. తయారుచేసినవాడు లెన్సు మీద ఆ గుర్తు వేశాడంటే ఆలోచించే వేసి ఉంటాడు. లోపం లెన్సుదే.

అదే మాట కెమెరా షాపులో చెప్పాను. అతను లెన్సును దీపం కింద తిప్పి తిప్పి చూసి, "పెద్దమ్మగారూ, లెన్సు బంగారంలా ఉందండి. ఈ వయసులో మంచులో ఎందుకండీ మీకు? ఇంట్లోనే హాయిగా మనవల్ని తీసుకోండి" అన్నాడు. నాకు మనవలు లేరనీ, ఉన్నా ఆరు సెకన్లు కదలకుండా ఉండరనీ చెప్పి వచ్చేశాను.

కష్టాలు అక్కడితో ఆగలేదు. అరగంటకల్లా లెన్సు మీద మంచు చేరుతోంది; తుడిస్తే మరక. ఎదుటి భవనం వాళ్ళు గోడకు కొత్తగా పసుపు దీపం పెట్టారు. దాని వెలుగు నా ప్రతి ఫోటోకూ ఎడమ మూలన కారిపోతోంది. వెళ్ళి ఆర్పమంటే, "దొంగలొస్తారండీ" అన్నారు. ఇక మా భవనం కార్యదర్శి మేడ తలుపుకు తాళం వేయించాడు. "మీరు చీకట్లో మెట్ల మీద పడితే బాధ్యత ఎవరిదండీ?" అన్నాడు. "నాది" అని కాగితం మీద రాసి, సంతకం చేసి, అతని చేతిలో పెట్టి తాళంచెవి తీసుకున్నాను. ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు.

వేటగాడు రోజుకు నాలుగేసి నిమిషాలు ముందుగా వెళ్ళిపోతున్నాడు. మార్చి ఆఖరుకు చీకటి పడిన కాసేపటికే పడమటి ఎత్తు భవనాల వెనక్కు దిగిపోతాడు. నా గడువూ అదే. ఇంతవరకు గోడకు తగిలించదగిన ఫోటో ఒక్కటీ లేదు.

అక్కయ్య


స్టూడియో
ఫిబ్రవరి 15

అక్కయ్యా,

సరే. అనంతం నీది. గుండీలూ నీవే.

నేను పదో తరగతి దగ్గర ఆగిన మనిషిని, నాకేం తెలుస్తుంది? కవర్లో టేపు ముక్క పెట్టాను. పారేస్తే పారెయ్. జిగురు మాత్రం మంచిది.

చెల్లాయి


మూడో అంతస్తు
మార్చి 5, ఉదయం

చెల్లాయికి,

అనేక ప్రయోగాల అనంతరం ఫలితం లభించింది. కారణాల జోలికి వెళ్ళను.

మూడు సాయంత్రాల్లో ఆరేసి సెకన్ల చొప్పున రెండు వందల పన్నెండు ఫోటోలు తీశాను. అయిదేసి నిమిషాలకు వేటగాడు ఫ్రేము నడుమ నుంచి పక్కకు జారుతుంటే కెమెరాను మళ్ళీ అతని వైపు తిప్పుతూ తీశాను. ఫోటోలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీసే కంప్యూటరు ప్రోగ్రాము ఉంది. ఒక్క ఫోటోలో గరుకు ఎక్కువ, వెలుగు తక్కువ. రెండు వందలకు సగటు తీస్తే గరుకు అణిగి, ఉన్న వెలుగు తేలుతుంది. సగటు! నా సొంత విద్య!

తేలిన దాన్ని ఇందుతో పంపుతున్నాను. నడికట్టు మూడు నక్షత్రాలు, కింద గోరంత బూడిద రంగు పొగ, అందులో చాలాసేపు చూస్తే తప్ప కనిపించని గులాబి ఛాయ. మూలల్లో నక్షత్రాలకు తోకలు మొలిచాయి. పసుపు దీపం ఎలాగూ ఉంది. రెండు నెలల చాకిరీకి ఇంతేనా అని ఒళ్ళు మండిపోయింది. అడుగున్నర ఫ్రేములో దీన్ని చూసి కెమిస్ట్రీ ఆవిడ "పొగమంచాండీ?" అంటుంది. పెద్దది చేయడానికి ప్రింటింగు షాపులో ఇస్తాను.

అక్కయ్య


స్టూడియో
మార్చి 10

అక్కయ్యా,

ఉత్తరం చింపి ఫోటో చూసి కేకేశానట. పక్కన టీ బండి అతను పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?" అంటే, "మా అక్కయ్య పొగ పట్టుకుంది చూడు" అని చూపించాను. అతనికి మరకే కనిపించింది. పోనీలే.

గోరంత అంటావేంటి? అది నిజంగా అక్కడుంది, నీ గాజుముక్కలోంచి వచ్చి పడింది. చుక్కలు సన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఇంతకీ రింగు ఎంత వెనక్కి తిప్పావు?

చెల్లాయి


మూడో అంతస్తు
మార్చి 18, మధ్యాహ్నం

చెల్లాయికి,

నీ ప్రశ్నకు తీరిక దొరికినప్పుడు జవాబిస్తాను. ముందు ఇది చూడు!

ప్రింటింగు షాపతనికి ఫైలు ఇచ్చి, "చూడదగ్గట్టు కాస్త బాగుచెయ్యి నాయనా" అన్నాను. మూడో రోజు పిలిచి, బల్ల మీద కాగితం విప్పాడు. దాని మీదికి వంగిపోయాను. నీహారిక రెక్కలు విప్పింది చెల్లాయీ. ఎరుపు, ఊదా, లోపల తెల్లటి గుండె. ఇదంతా నా ఫైల్లోనే ఉందట. పైకి తీయడం తెలియాలట. చిన్న కాపీ నీకు పంపుతున్నాను.

కాలేజీ వాళ్ళు ఆహ్వాన పత్రిక మీద దీన్నే వేస్తున్నారు. కెమిస్ట్రీ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికే నేను అరవై రెండు మెట్లు ఎక్కాననిపించింది. ఇరవై ఎనిమిదిన ప్రారంభం.

అక్కయ్య


స్టూడియో
మార్చి 21

అక్కయ్యా,

ఇది మూడుసార్లు రాసి చింపాను. నాలుగోసారి రాస్తున్నాను.

ఇది నువ్వు తీసిన ఫోటో కాదు.

నీ చిన్నదీ ఇదీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. నీ దాంట్లో మూలల్లో చుక్కలకి తోకలున్నాయి, ఇందులో మూలదాకా సూదిమొనలే. సరే, ఆ తోకలు కత్తిరించాడనుకుందాం. పెద్ద చుక్కలు చూడు, ఒక్కోదానికి నాలుగేసి కిరణాలున్నాయి, ప్లస్ గుర్తులాగా. లెన్సు పూర్తిగా తెరిచానని నువ్వే రాశావు. పూర్తిగా తెరిస్తే అలా కిరణాలు రావక్కయ్యా. ఇది ఎవరో పెద్ద సరంజామా ఉన్నవాళ్ళు తీసింది. ప్రింటింగాయన తెచ్చి నీదాని మీద అతికించాడు.

నాకెలా తెలుసంటే, నేనూ చేశాను కాబట్టి. గ్రూపు ఫోటోలో కళ్ళు మూసేసినామెకి ఇంకో నెగెటివ్‌లోంచి కళ్ళు తెచ్చి పెట్టాను. కాలేజీ హాల్లో ఉందే నీ రిటైర్‌మెంటు ఫోటో, "నన్ను ఉన్నదున్నట్టు చూపించింది ఇదొక్కటే" అంటుంటావు, దాంట్లో నీ నుదుటి మీది మూడు గీతలు తీసేసింది నేనే. సన్న బ్రష్షుతో, ఒక సాయంత్రం పట్టింది. నువ్వు మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు.

ఇదీ చెప్పకుండా ఊరుకుందామనుకున్నా. కానీ నువ్వు పేపర్లు చింపిన పిల్లలే ఇప్పుడు పెద్దవాళ్ళై రేపు ఆ హాలుకొస్తారు. వాళ్ళలో ఒక్కళ్ళు కనిపెట్టినా నువ్వు తట్టుకోలేవు. ఇంకా టైముంది.

చెల్లాయి


మూడో అంతస్తు
మార్చి 24

చెల్లాయికి,

నా జీవితంలో మొదటిసారి నీ రంగంలోకి అడుగు పెట్టాను. అది నీకు గిట్టలేదు. అంతకంటే నీ ఉత్తరంలో నాకేమీ కనిపించలేదు. నీ భూతద్దం నీ దగ్గరే ఉంచుకో. రెండు వందల పన్నెండు ఫోటోలు తీసింది నేను, మోకాళ్ళు పట్టేసింది నాకు. నీ టేపు ముక్క వాడినంత మాత్రాన ఫోటో నీదైపోదు!

నుదుటి గీతల సంగతి వేరుగా మాట్లాడతాను.

అక్కయ్య


మూడో అంతస్తు
మార్చి 30

చెల్లాయీ,

ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వచ్చాక, నా ఫైలును కంప్యూటరులో తెరిచి, పక్కన పెద్ద ప్రింటును పెట్టాను. నడికట్టుకూ నీహారికకూ మధ్య వేలెడు చోటును ఎంచుకుని నక్షత్రాలను లెక్కపెట్టాను. నా దాంట్లో పదకొండు. ప్రింటులో నూట ఆరు. ఉన్న వెలుగును పైకి తీయవచ్చు. లేని తొంభై అయిదు నక్షత్రాలను ఎక్కడినుంచి తీస్తారు? ఇది పేపర్లు దిద్దే మనిషికి మొదటి నిమిషంలో తట్టవలసిన ప్రశ్న. ఆరు రోజులు తట్టలేదు. తట్టనివ్వలేదు నేను. ఎవరి జవాబు పత్రమైనా అయితే అప్పుడే చింపేదాన్ని.

షాపుకు వెళ్ళి అడిగాను. అతను ఏమాత్రం తొణకలేదు. "మీది కూడా ఉందండీ అమ్మగారూ, అడుగున. పైన ఇంకోటి వేశాం. చూడదగ్గట్టు చెయ్యమన్నారు కదండీ, అందరికీ ఇలాగే చేస్తాం" అన్నాడు. తిట్టడానికి వెళ్ళినదాన్ని, ఆ మాట అన్నది నేనే కదా అనుకుని, నా ఫైలును ఉన్నదున్నట్టు ప్రింటు వేయించుకుని వచ్చాను. అంత పెద్దదిగా సాగదీస్తే చెదిరిపోతుందన్నాడు. జానెడు వెడల్పే వచ్చింది.

ఇరవై ఎనిమిది ఉదయం అందరికంటే ముందు హాలుకు వెళ్ళి ఫ్రేము దించాను. ఫ్రేము వెనక మేకులు పీకుతుంటే కెమిస్ట్రీ ఆవిడ వచ్చింది. విషయం చెప్పాను. మూడు నెలలుగా ఈవిడ ముందు తలవంచకూడదనే పాట్లు పడ్డాను కాబట్టి, చెప్పవలసి వచ్చింది కూడా ఈవిడకే.

"అయ్యో, ఇప్పుడెందుకండీ? ఆహ్వాన పత్రిక మీద అదే ఉంది. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"మా చెల్లెలికి తెలిసింది."

"ఆవిడ కాలేజీలో చదివారా?"

"లేదు. అందుకే తెలిసింది" అన్నాను.

నా జానెడు ఫోటోను ఆ పెద్ద ఫ్రేములోనే పెట్టాను. చుట్టూ తెల్లటి అట్ట బోలెడంత మిగిలింది. కింద ఒక చీటీ మీద నిజం రాశాను: ఆహ్వాన పత్రిక మీది బొమ్మ నాది కాదు, ఇది నాది, ఫోకస్ కుదర్చడం చెప్పింది మా చెల్లెలు, ఎడమ మూల పసుపు రంగు ఎదుటి భవనం దీపం. నా శిష్యులు వచ్చారు. ఒకామె చీటీ రెండుసార్లు చదివి నా వైపు చూసింది. ఆమె పేపరు చింపానో లేదో నాకు జ్ఞాపకం లేదు. ఆమెకు ఉందని మొహం చెప్పింది. నీటిరంగుల వైపు వెళ్ళిపోయింది. ఇంకొకామె "ఇందులో ఏముంది మేడమ్?" అంది. వేలితో చూపించాను. "ఓ, అదా" అంది. మూడు రోజుల్లో వచ్చిన ప్రశంస అదొక్కటే. గర్వపడడానికి ఏమీ లేదు. నిన్న రాత్రి నిద్ర మాత్రం పట్టింది.

నీకు రాసిన మాటలకు సిగ్గుపడుతున్నాను. ఈ వాక్యం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది, కాబట్టి మళ్ళీ రాయించకు.

వేటగాడు భవనాల వెనక్కు దిగిపోయాడు. వేసవిలో ఆకాశానికి అటువైపున తేలు ఆకారపు మండలం లేస్తుంది. ఈసారి దాన్ని తీయాలనుకుంటున్నాను. కాని మొదలుపెట్టే ముందు నాకొక సంగతి తెలియాలి. గరుకు అణచడం నేనూ చేశాను, అది తప్పనిపించలేదు. పసుపు వెలుగు తుడిస్తే తప్పా? మూలల తోకలు కత్తిరిస్తే? బాగుచేయడం ఎక్కడ ఆగుతుంది, అబద్ధం ఎక్కడ మొదలవుతుంది? నా పుస్తకాలన్నీ తిరగేశాను, ఏ పేజీలోనూ లేదు. నువ్వు నలభై ఏళ్ళు చేతిలో బ్రష్షు పట్టుకుని ఆ గీతకు అటూ ఇటూ తిరిగిన దానివి.

నాకు తెలియదు చెల్లాయీ. నేర్పుతావా?

అక్కయ్య